కలల కోట కంచె అవతల

ఓర్లాండో వెళ్ళొచ్చానని తెలియగానే మా వీధిలో అందరూ అడిగింది ఒకటే ప్రశ్న. "కోట చూశారా? ఫొటోలేవీ?" అని. చూశాం. ఫొటోలూ ఉన్నాయి. నీలం గోపురాల కోట ముందు మావారూ, వదినావాళ్ళూ, చీర కింద బూట్లు తొడుక్కుని నేనూ నవ్వుతూ నిలబడ్డవి ఓ ముప్ఫై దాకా ఉంటాయి. కానీ ఆ ప్రయాణం తలుచుకున్నప్పుడల్లా నా కళ్ళముందు మొదట కదిలేది కోట కాదు, ఓ స్కూలు బస్సు.

కిందటేడు ఆగస్టు ఆఖర్లో మా వదిన వాళ్ళింటికి అమెరికా వెళ్ళాం. వాళ్ళుండేది ఫ్లోరిడా రాష్ట్రంలోని టాంపాలో. అక్కడి నుంచి ఓర్లాండోకి కారులో గంటన్నర ప్రయాణం. డిస్నీ వరల్డ్ చూడకుండా పంపేది లేదంది వదిన. పార్కులోపలి హోటల్లో దిగుదామా అని మావారు సరదాపడితే అన్నయ్యగారు ఫోన్లో ఒకరోజు అద్దె చూపించారు. దాన్ని రూపాయల్లోకి మార్చుకుని మేమిద్దరం మాట్లాడకుండా ఊరుకున్నాం. చివరికి పార్కు దాటాక వచ్చే 192 నంబరు రోడ్డు మీద ఓ మోటెల్లో రెండు గదులు తీసుకున్నాం. మోటెలంటే తెలుసుగా, కారు తిన్నగా గది గుమ్మం దాకా తెచ్చి ఆపుకునే చవక హోటలు. రైస్ కుక్కరూ, పులిహోర పొడీ, ఆవకాయ సీసా ఎలాగూ మా వెంటే ఉన్నాయి.

మర్నాడు తెల్లవారకముందే మెలకువొచ్చి కర్టెన్ తీసి చూశాను. మోటెల్ ముందు పచ్చ రంగు స్కూలు బస్సు ఆగుంది. వెనక వరసలోని గదుల్లోంచి పిల్లలు ఒక్కొక్కరే వీపున సంచులతో వచ్చి ఎక్కుతున్నారు. పదిమందికి తక్కువుండరు. "హోటల్‌కి స్కూలు బస్సేమిటే?" అన్నాను కాలేజీలో చదువుతున్న మేనకోడలితో. దుప్పటి ముసుగులోంచే చెప్పింది. "వాళ్ళిల్లు అదే అత్తా. ఇక్కడ మామూలే."

ఎవరో సరదా పడి నాలుగు రోజులుండి పోయే చోటు వీళ్ళకి ఇల్లెలా అయింది? ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఇంటికొచ్చాక తీరిగ్గా చదివాను. చదివేకొద్దీ తెలిసిందేమిటంటే, ఇది పార్కు కథ కాదు, భూమి కథ.

మొదటి పార్కు నేర్పిన పాఠం

వాల్ట్ డిస్నీ మొదటి పార్కు డిస్నీలాండ్ 1955 జూలైలో కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో తెరుచుకుంది. నారింజ తోటలు కొట్టించి, 160 ఎకరాల్లో కట్టారు. ఉన్న డబ్బంతా పార్కుకే సరిపోయింది. హోటలు కట్టడానికి చేతిలో మిగల్లేదు. దాంతో జాక్ రేథర్ అనే టీవీ నిర్మాతను బతిమాలి హోటలు కట్టించారు. పేరు డిస్నీలాండ్ హోటలే అయినా ఆదాయం మాత్రం ఆయనది. ఆ హోటలు తిరిగి డిస్నీ కంపెనీ చేతికి రావడానికి 1988 దాకా పట్టింది.

ఇంకో చిక్కు కూడా వచ్చి పడింది. పార్కు ఆడుతోందని తెలియగానే చుట్టూ ఉన్న స్థలాల్లో మోటెళ్ళు, తిండి దుకాణాలు, రంగురంగుల దీపాల బోర్డులు పుట్టుకొచ్చాయి. కష్టపడి జనాన్ని రప్పించేది ఒకరు, వాళ్ళకి పడకా తిండీ అమ్మి సొమ్ము చేసుకునేది మరొకరు. కోట ఎంత అందంగా కట్టినా గేటు దాటితే సంతే. వాల్ట్ డిస్నీకి ఇది గుండెల్లో ముల్లయింది. ఈసారి కట్టే పార్కు చుట్టూ కనుచూపు మేరా భూమి తనదే అయ్యుండాలని గట్టిగా అనుకున్నాడు.

దొంగచాటు బేరాలు

1963 నవంబర్‌లో ఆయన విమానంలోంచి ఫ్లోరిడా మధ్య ప్రాంతం చూశాడు. కింద చిత్తడి నేలలు, పశువుల బీళ్ళు, నిమ్మజాతి తోటలు. వాటి మధ్య రెండు పెద్ద రోడ్లు కలుసుకుంటున్నాయి. రోడ్లు కలిసే చోటికి జనం వస్తారు. ఇక అక్కడే అని తేల్చేశాడు.

కానీ డిస్నీ కొంటున్నాడని తెలిస్తే ధర ఆకాశానికెళుతుంది. అందుకని ఎవరూ వినని పేర్లతో కంపెనీలు పెట్టారు. టొమహాక్ ప్రాపర్టీస్, రీడీ క్రీక్ రాంచ్, కంపాస్ ఈస్ట్... ఇలా. ఒక కంపెనీకైతే అయ్‌ఫోర్ అని పేరు పెట్టారు. పక్కనే పోయే ఐ-4 రోడ్డు పేరునే కాస్త మార్చారన్నమాట! డిస్నీ లాయరు రాబర్ట్ ఫాస్టర్ తన ఇంటిపేరు దాచి 'ప్రైస్' అనే పేరుతో తిరిగాడు. వేల ఎకరాల ఆసాముల దగ్గర్నుంచి ఐదెకరాల చిన్న చిన్న వాటాదార్ల దాకా వెతికి పట్టుకుని కొన్నారు. మొత్తం 27 వేల ఎకరాలకు పైగా. మొదటి పార్కుకి నూట అరవై రెట్లకు పైమాట! సగటున ఎకరా 180 డాలర్ల చొప్పున మొత్తం 50 లక్షల డాలర్లలో పనైపోయింది.

కొనేదెవరో ఊళ్ళో ఎవరికీ తెలియదు. కార్ల ఫ్యాక్టరీ అన్నారు, విమానాల కంపెనీ అన్నారు. అమ్మినవాళ్ళు బురద నేలకి మంచి ధరే వచ్చిందని సంబరపడ్డారు.

ఆ గుట్టు బయటపెట్టింది ఎవరో చెబితే మీకూ నాలాగే సంతోషం కలుగుతుంది. ఒక మహిళా పాత్రికేయురాలు! పేరు ఎమిలీ బవార్. ఓర్లాండో సెంటినెల్ దినపత్రిక ఆదివారం అనుబంధానికి సంపాదకురాలు. 1965 అక్టోబర్‌లో డిస్నీలాండ్ పదేళ్ళ వేడుకకి విలేకరులను పిలిస్తే ఆవిడా వెళ్ళింది. అందరూ మర్యాదగా ఏవో అడుగుతుంటే ఈవిడ మాత్రం వాల్ట్ డిస్నీని సూటిగా అడిగేసింది, ఫ్లోరిడాలో ఆ భూములు కొంటున్నది మీరేనా అని. ఆయన కాదన్నాడు. కాదనడానికి కారణాలు చెబుతూ అక్కడి వానలూ, వాతావరణం, వచ్చిపోయే జనం సంగతులన్నీ ఏకరువు పెట్టాడు. ఆ ప్రాంతంతో సంబంధమే లేని మనిషికి ఇన్ని వివరాలెలా తెలుసు? ఆవిడ అనుమానం బలపడింది. వెంటనే రాసి పంపింది. అక్టోబర్ 24న, ఆ మాయ పరిశ్రమ డిస్నీదేనంటూ పత్రిక మొదటి పేజీలో పతాక శీర్షిక పెట్టింది. నవంబర్ 15న రాష్ట్ర గవర్నర్ పక్కన కూర్చుని వాల్ట్ డిస్నీ, అన్న రాయ్ డిస్నీ అదంతా నిజమేనని ప్రకటించారు.

అప్పటికే కావలసిన భూమంతా దాదాపుగా చేతికొచ్చేసింది. ఆ తర్వాత చుట్టుపక్కల ధరలు ఎన్నో రెట్లు పెరిగాయి. ముందే అమ్ముకున్నవాళ్ళకి మాత్రం ఆ 180 డాలర్లే దక్కాయి.

చదువుతుంటే ఇదేదో పరాయి దేశపు ముచ్చటలా అనిపించలేదు నాకు. విమానాశ్రయం పేరు చెప్పి శంషాబాద్ చుట్టూ, కొత్త గుడి పేరు చెప్పి యాదగిరిగుట్ట చుట్టూ, రాజధాని పేరు చెప్పి అమరావతి చుట్టూ మనం చూసిందీ ఇదే కదా. ముందు తెలిసినవాడిదే లాభం. ఆఖర్న తెలిసేది పొలంలో కలుపు తీస్తున్న మనిషికి.

కంచె లోపల

పార్కు తెరవకముందే, 1966 డిసెంబర్‌లో వాల్ట్ డిస్నీ చనిపోయాడు. అన్న రాయ్ ఆ భారం తలకెత్తుకున్నాడు. 1967లో ఫ్లోరిడా శాసనసభ ఆ భూమికంతటికీ రీడీ క్రీక్ పేరుతో ప్రత్యేక జిల్లా ఏర్పాటు చేసింది. రోడ్లు, నీళ్ళు, మురుగు కాలవలు, అగ్నిమాపక దళం, భవనాలకు అనుమతులు అన్నీ దాని చేతిలోనే. పాలకవర్గం ఎన్నికలో ఓట్లు మనుషులను బట్టి కాదు, ఎకరాలను బట్టి! భూమి దాదాపు అంతా డిస్నీదే కాబట్టి మాటా డిస్నీదే. ఈ ఏర్పాటు యాభై ఏళ్ళకు పైగా నడిచింది. 2023లో డిస్నీకీ, గవర్నర్‌కీ పడక దాన్ని తీసేసి గవర్నర్ నియమించే వాళ్ళతో కొత్త పాలకవర్గం వేశారు.

1971 అక్టోబర్ 1న డిస్నీ వరల్డ్ తెరుచుకుంది. ఈసారి హోటళ్ళు మొదటి రోజునుంచే ఉన్నాయి. అందులో కాంటెంపరరీ హోటలు కట్టిన తీరు చదివితే ముచ్చటేసింది. దగ్గర్లోనే ఓ ఫ్యాక్టరీలో గదులు విడివిడిగా తయారుచేసి, క్రేనుతో ఎత్తి, బీరువాలో సొరుగులు దూర్చినట్టు ఉక్కు చట్రంలో దూర్చారట!

1984లో మైఖేల్ ఐస్నర్ అధిపతిగా వచ్చాక లోపల హోటళ్ళ జోరు పెరిగింది. మొదట ఖరీదైనవి కట్టారు. 1994లో మొదలుపెట్టి ఆల్ స్టార్ పేరుతో చవక హోటళ్ళు కూడా కట్టారు. ఒక్కోదాంట్లో రమారమి 1,900 గదులు. ఇన్నాళ్ళూ అంత ఖరీదు పెట్టలేక బయట మోటెల్లో దిగిన మధ్యతరగతి కుటుంబం కూడా ఇక లోపలే దిగొచ్చు. లోపల దిగితే తిండీ లోపలే, కొనుక్కునే బొమ్మలూ లోపలే.

కంచె అవతల

మేం దిగిన 192 రోడ్డుకి ఇర్లో బ్రాన్సన్ పేరు పెట్టారు. ఆయన పశువుల పెంపకందారు, రాష్ట్ర సెనేటరు. డిస్నీకి 8 వేల ఎకరాలకు పైగా అమ్మినవాడు. ఆ రోడ్డు మీదున్న కిస్సిమ్మీ ఒకప్పుడు గోవుల మందల ఊరు. పార్కొచ్చాక ఆ రోడ్డు పొడుగునా మోటెళ్ళు వరసకట్టాయి. అమెరికా అంతటా ఉన్నట్టే ఇక్కడా మన గుజరాతీ పటేళ్ళు నడిపేవి బోలెడున్నాయి.

పార్కులోపల చవక గదులు వచ్చాక, చుట్టూ కొత్త హోటళ్ళు లేచాక, పాత మోటెళ్ళకి గిరాకీ తగ్గింది. ఖాళీగా పెట్టుకునే బదులు వారం అద్దెకి ఇవ్వడం మొదలెట్టారు. 2008లో ఆర్థికమాంద్యం వచ్చి ఇళ్ళు పోగొట్టుకున్న కుటుంబాలు వాటిల్లో చేరాయి. 2017లో మరియా తుఫాను పోర్టోరికో దీవిని అతలాకుతలం చేసినప్పుడు అక్కడినుంచి వచ్చినవాళ్ళకీ చాలామందికి ఈ మోటెళ్ళే ఆసరా. అదే ఏడాది ఈ రోడ్డు మీది పిల్లల బతుకుమీద 'ది ఫ్లోరిడా ప్రాజెక్ట్' అనే సినిమా కూడా వచ్చింది. వేరే గతిలేక మోటెల్లో ఉండే పిల్లలను అమెరికా చట్టం ఇల్లు లేని పిల్లలుగానే లెక్కేస్తుంది. వాళ్ళ చదువు ఆగకుండా బడికి చేర్చే బాధ్యత స్కూళ్ళది. నేను చూసిన బస్సు అదన్నమాట.

ముప్ఫై రెండు పక్కలు

రెండోరోజు సాయంత్రం బట్టలు ఉతుక్కుందామని మోటెల్ చివరున్న వాషింగ్ మిషన్ల గదికి వెళ్ళాను, మేనకోడల్ని వెంటబెట్టుకుని. అక్కడ నా వయసావిడే ఒకావిడ పిల్లల బట్టలు మడతపెడుతోంది. నేను నాలుగు మూలలా ఎలాస్టిక్ ఉన్న దుప్పటితో కుస్తీపడుతుంటే నవ్వి, చేతిలోంచి తీసుకుని, రెండు మూలలు ఒకదాంట్లో ఒకటి దోపి చిటికెలో మడిచిచ్చింది. ఇంట్లో ఇరవై ఏళ్ళుగా దుప్పట్లు మడుస్తున్నదాన్ని, ఆ ఒడుపు చూసి తెల్లబోయాను.

నా ఇంగ్లీషు, ఆవిడ ఇంగ్లీషు కలవకపోతే మేనకోడలు స్కూల్లో నేర్చుకున్న స్పానిష్ అక్కరకొచ్చింది. ఆవిడది పోర్టోరికో. తుఫాను తర్వాత తల్లినీ, ఇద్దరు పిల్లలనీ తీసుకుని వచ్చేసిందట. పార్కు దగ్గరే ఓ పెద్ద హోటల్లో గదులు సర్దే ఉద్యోగం. రోజుకి పదహారు గదులు. గదికి రెండు మంచాలు. మనసులో లెక్కేసుకున్నాను, ముప్ఫై రెండు పక్కలు! అవి వేసి, స్నానాల గదులు కడిగి, బస్సు పట్టుకుని ఇంటికొస్తే ఇక్కడ నలుగురికీ కలిపి రెండు మంచాలు.

"అపార్టుమెంటు తీసుకోవచ్చుగా?" అని అడిగించాను. అడిగాక ఎంత తెలివితక్కువ ప్రశ్నో అర్థమైంది. వారం వారం మోటెల్‌కి కట్టేది నెలకి లెక్కేస్తే అపార్టుమెంటు అద్దెకేం తీసిపోదట. కానీ ఇల్లు కావాలంటే మొదటి నెల అద్దె, ఆఖరి నెల అద్దె, డిపాజిట్టు అన్నీ ఒక్కసారే చేతిలో పెట్టాలి. పాత అప్పుల చరిత్ర చూస్తారు. వారం జీతం వారం అద్దెకే పోతుంటే అంత మొత్తం కూడేదెప్పుడు? వంటగది లేదు కాబట్టి వండుకునేదంతా మైక్రోవేవులోనూ, రైస్ కుక్కర్‌లోనూ.

రైస్ కుక్కర్ అనగానే నాకు గుండెలో కలుక్కుమంది. పొద్దున్నే మా గదిలో అన్నం వండి పులిహోర కలుపుకుంటూ "పిక్నిక్‌లా ఉంది కదూ" అని ఎంత నవ్వుకున్నామో! మాకు రెండ్రోజుల పిక్నిక్ అయినది ఆవిడకి ఎన్నేళ్ళుగానో సంసారం.

డబ్బు లేని ఊరు కాదు

పోనీ ఆ ఊళ్ళో డబ్బు లేదా? ఏటా 7 కోట్లమందికి పైగా వచ్చిపోతారు. ఓర్లాండో చుట్టుపక్కల లక్షకు పైగా హోటలు గదులున్నాయి. ఆ ఊరున్న ఆరెంజ్ కౌంటీ హోటలు అద్దె మీద నూటికి 6 డాలర్లు పర్యాటక పన్ను వసూలు చేస్తుంది. ఆ డబ్బు చాలావరకు పర్యాటక ప్రచారానికీ, సమావేశాల భవనానికీ, స్టేడియాలకీ పోతుంది. రాష్ట్ర చట్టం గీసిన గీత అది. అంటే ఆవిడ సర్దిన గదిమీద వచ్చిన పన్ను మరింతమంది యాత్రికులను రప్పించడానికి ఖర్చవుతుందిగానీ ఆవిడకో గూడు కట్టడానికి అంత తేలిగ్గా కదలదు.

అసలేమీ జరగలేదనడం కూడా అన్యాయమే. డిస్నీ కార్మికుల కనీస వేతనం 2018లో గంటకు 10 డాలర్ల దగ్గరుండేది. యూనియన్లు పట్టుబట్టి బేరమాడితే 2021కి 15 డాలర్లకి, 2023లో 18 డాలర్లకి చేరింది. తన భూమిలో దాదాపు 80 ఎకరాలు ఇచ్చి 1,300 పైచిలుకు అందుబాటు ధరల ఇళ్ళు కట్టిస్తామని 2022లో డిస్నీ ప్రకటించింది. 2025 మేలో మరో పెద్ద పార్కు తెరిచిన యూనివర్సల్ కూడా వెయ్యి ఇళ్ళకోసం 20 ఎకరాలిచ్చింది. మంచిదే. కానీ 1965లో కోటకీ, కొలనుకీ, గోల్ఫు మైదానానికీ చోటు ఆలోచించినవాళ్ళకి, పక్కలు వేసేవాళ్ళు ఎక్కడ పడుకుంటారన్నది గుర్తు రావడానికి యాభై ఏళ్ళు పైన పట్టిందే అని నా బాధ.

మా ఇంటి బేరం

తిరిగి టాంపా వెళ్ళేటప్పుడు కారులో అన్నయ్యగారు తన మనసులో మాట బయటపెట్టారు. కిస్సిమ్మీ దగ్గర ఓ ఇల్లు కొనాలనుకుంటున్నారట. ఉండడానికి కాదు, యాత్రికులకి రోజువారీ అద్దెకిచ్చేందుకు. ఆ చుట్టుపక్కల వీధులకి వీధులే అలాంటి ఇళ్ళున్నాయి. మన తెలుగువాళ్ళు కూడా కొంటున్నారు. "మీరూ ఓ వాటా వేసుకోండి. మీ ప్లాటు ఊరికే పడుందిగా, అమ్మేయండి" అన్నారు మావారితో.

మావారు నావైపు చూశారు. ఆ ప్లాటు మా ఇద్దరి పేరా ఉంది, సంతకం నాది కూడా కావాలి. నేనన్నాను, "అన్నయ్యగారూ, రోజువారీ అద్దెకిచ్చే ప్రతి ఇల్లూ ఆ ఊళ్ళో కాపురముండేవాళ్ళకి ఒక ఇల్లు తగ్గినట్టే కదా. మరి మన ఇల్లు ఊడ్చి, పక్కలు మార్చే మనిషి ఎక్కడుంటుంది?"

"మనం కొనకపోతే ఇంకోళ్ళు కొంటారమ్మా. నీకో కథ దొరికింది, అంతే" అని నవ్వేశారాయన. ఆయన మాటలోనూ అబద్ధం లేదు. మేం మానేసినంత మాత్రాన ఆవిడకి ఇల్లు రాదు. అది నాకూ తెలుసు. అయినా సంతకానికి నా చెయ్యి రాలేదు. ప్లాటు ఇంకా అలాగే ఉంది. మావారు కూడా మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఇప్పుడు ఆదివారం పేపరు తెరిస్తే చాలు, రిసార్టు పక్కన ప్లాట్లు, పార్కు ఎదురుగా విల్లాలు అంటూ పేజీ నిండా ప్రకటనలు. ఇదివరకు గజం ఎంతో చూసేదాన్ని. ఇప్పుడు ముందు వేరే సంగతులు వెతుకుతున్నాను. ఆ నేల అమ్మినవాళ్ళకి ఏం కట్టబోతున్నారో చెప్పే కొన్నారా? రేపక్కడ పనిచెయ్యబోయే ఆడవాళ్ళకి ఆ బొమ్మలో ఒక్క గదైనా గీశారా? ఏ ప్రకటనలోనూ ఇప్పటిదాకా కనబడలేదు. సంతకం పెట్టమని కాగితాలు మన ముందుకొచ్చినప్పుడు, కనీసం మనమైనా ఆ మాట అడగాలి కదూ!

మొన్న ఉతికిన దుప్పట్లు మడుస్తుంటే మా అమ్మాయి వింతగా చూసింది. "ఈ మడత ఎక్కడ నేర్చుకున్నావమ్మా?" అంది. ఓర్లాండోలో అన్నాను.